రిపేరులో ఉన్న తమ్ముడు

జూన్ 4, మంగళవారం

అక్కా,

నా దగ్గర్నుంచి కాగితం మీద ఉత్తరం వచ్చిందని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నా రెండు కళ్ళజోళ్ళూ, ప్రెస్సు మేడమీద ఈ గదీ.

సంగతేమిటంటే ఫోను రిపేరుకిచ్చాను. తెర మీద ఒక గీత వస్తోంది. దుకాణం అతను రెండు వారాలు పడుతుందన్నాడు. అందాకా నా నంబరుకు ఫోను చెయ్యకు, మెసేజీలూ పెట్టకు. ఒకవేళ నా పేరుతో ఏవైనా వస్తే పట్టించుకోకు. రిపేరులో ఉన్న ఫోను నుంచి ఎలా వస్తాయని అడుగుతావేమో, దుకాణం వాళ్ళు పరీక్ష కోసం ఏవో పంపుతూ ఉంటారట. అంతకుమించి అందులో ఏమీ లేదు.

పత్రిక పని మామూలే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేజీలు కూర్చడం, శుక్రవారం మాత్రం నా శీర్షిక ‘మీ కంప్యూటర్ - మీ క్షేమం’ రాయడం. ఈ వారం పాస్‌వర్డుల గురించి రాశాను. ఒక పాఠకుడు తన పాస్‌వర్డు చీటీ మీద రాసి కంప్యూటర్ తెరకే అంటించుకున్నాడట. అతన్ని అర పేజీ వెక్కిరించాను. అచ్చులో చూసుకుంటే మరీ ఎక్కువ వెక్కిరించానేమో అనిపించింది. పాపం, మంచివాడిలాగే ఉన్నాడు.

నీ కుట్టుమిషన్లు నాలుగూ తిరుగుతున్నాయా? కాజాలు కుట్టే ఆవిడ ఇంకా నీతో పోట్లాడుతూనే ఉందా?

ఫోను లేక హాయిగా ఉన్న
నీ తమ్ముడు


జూన్ 8, శనివారం

తమ్ముడికి,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అర్థం కాలేదు.

ఫోను రిపేరులో ఉందంటావు. మరి ఈ పొద్దున ఎనిమిదింటికి “అక్కయ్య గారూ, తిన్నారా? మోకాలి నొప్పి ఎలా ఉంది?” అని మెసేజి పెట్టింది ఎవరు? వారం రోజులుగా ఒక్క పూట తప్పకుండా పెడుతున్నావు. నేను దానికి జవాబు చెప్పాక నువ్వు మళ్ళీ ఇంకోటి అడుగుతావు. పోయిన ఏడాదంతా కలిపి నువ్వు నా మోకాలిని ఎన్నిసార్లు తలుచుకున్నావో నా మోకాలికే తెలుసు.

పైగా ‘మీరు’ అంటున్నావు. మొదటిరోజు వెక్కిరిస్తున్నావనుకున్నాను. మూడోరోజుకి, సరే, యాభై నాలుగేళ్ళకైనా వాడికి పెద్దా చిన్నా తెలిసొచ్చిందనుకున్నాను. నాకు బాగానే ఉంది. మానకు.

నేను మాట్లాడి పంపితే నువ్వు రాసి పంపుతావు. నీ గొంతు వినిపించమంటే జలుబు అన్నావు. ఉత్తరంలో జలుబు ఊసే లేదు. తగ్గిందా?

నువ్వడిగిన ఆరంకెల నంబరు గురువారం పంపితే తప్పన్నావు. నిన్న మళ్ళీ పంపితే అదీ తప్పన్నావు. నీ కొత్త రక్షణ ఏర్పాటుకు నా ఫోనుకొచ్చే నంబరెందుకో నాకు తెలియదు. ఆ నంబరు ఎవరికీ చెప్పకూడదని నీ శీర్షికలో చదివింది గుర్తుంది. కానీ నువ్వు ‘ఎవరికీ’ లోకి రావు కదా అని పంపాను. సోమవారం ఇంకోసారి ప్రయత్నిద్దామన్నావు, అలాగే.

కాజాలావిడ నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. దుకాణంలో పని త్వరగా సాగుతోంది.

అక్క


జూన్ 11, మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం అందగానే ఫోను పక్కన పెట్టు. పెట్టాక చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదువుతూనే ఆఫీసు ఫోను నుంచి నీకు తొమ్మిదిసార్లు చేశాను. నువ్వు ఎత్తలేదు. సంపాదకుడి ఫోను అడిగి తీసుకుని “అక్కా, నేను తమ్ముణ్ణి, ఇది వేరే నంబరు, పాత నంబరులో ఉన్నది నేను కాదు” అని మెసేజి పెట్టాను. జవాబు లేదు. అందుకే ఈ ఉత్తరం త్వరగా వెళ్ళే తపాలాలో వేస్తున్నాను. ప్రత్యేక సంచిక పని ఉంది, పది రోజులదాకా నన్ను బస్సెక్కనివ్వరు.

ఫోను రిపేరుకివ్వలేదు. నేను నీకు అబద్ధం చెప్పాను. మోసపోయింది నేను. నీతో వారంగా మాట్లాడుతున్నవాడు దొంగ.

ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకో. మే నెల చివర నాకొక సందేశం వచ్చింది. “దేశంలోని ఉత్తమ కంప్యూటర్ సలహాదారుగా మిమ్మల్ని ఎంపిక చేశాం, ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ నొక్కండి” అని. పొగడ్తతో వచ్చే లింకులను నొక్కవద్దని అదే వారం నేను రాసిన వ్యాసం బల్ల మీద ఇంకా తడి సిరాతో ఉంది. దాన్ని పక్కకి జరిపి నొక్కాను. పాస్‌వర్డు అడిగితే ఇచ్చాను. అదేమిటనుకున్నావు, నా శీర్షికలోని ‘క్షేమం’, పక్కన ఒకటి రెండు మూడు. అన్నిచోట్లా అదే. తర్వాత ఒకాయన ఫోను చేసి “మీకొక ఆరంకెల నంబరు వస్తుంది సార్, బహుమతి నిర్ధారణ కోసం చెప్పండి” అన్నాడు. చెప్పాను. ఆ నంబరు ఎవరికీ చెప్పవద్దని ఇప్పటికి పదకొండుసార్లు రాశానట, పాత సంచికలు తీసి లెక్కపెట్టుకున్నాను. పైగా “కొంచెం నెమ్మదిగా చెప్పండి సార్” అంటే నెమ్మదిగా, విడివిడిగా చెప్పాను. మర్నాటికి మెసేజీల ఖాతా అతని చేతిలో ఉంది.

ఇంతటితో ఆగితే నేనెందుకవుతాను. కంగారులో ఫోను కంపెనీకి వెళ్ళి నా నంబరే ఆపించేశాను. ఖాతా తిరిగి రావాలంటే ఒక నంబరు వస్తుందట. అది ఆ ఆపించిన నంబరుకే వస్తుందట. దొంగ ఇంట్లో ఉన్నాడు, బయట నిలబడి తాళంచెవి విరగ్గొట్టుకున్నది నేను.

ఇప్పుడు నీ సంగతి. అతనికి కావలసింది నీ ఖాతా. నీ దుకాణానికి వచ్చే నాలుగు వందల మంది నంబర్లు అందులో ఉన్నాయి. నీ పేరుతో వాళ్ళ మీద పడతాడు. ఆ నంబరు ఇంకెప్పుడూ పంపకు. ఇంతవరకూ ఎందుకు తప్పయిందో తెలియదు కానీ మన అదృష్టం. నీ ఉత్తరంలో అక్షరాలు ఇంత పెద్దవిగా, వరసలు పైకెక్కుతూ ఉన్నాయేమిటి? నా మీద కోపంతో రాశావా?

తప్పు నాదే. నన్ను క్షమించు.

తమ్ముడు


జూన్ 14, శుక్రవారం

ఉత్తరం రాసినవారికి,

మీరెవరో నాకు తెలియదు. కానీ చాలా తెలివిగలవారని తెలుస్తోంది.

పదో తారీఖున తెలియని నంబరు నుంచి తొమ్మిదిసార్లు ఫోను వచ్చింది. తెలియని నంబరు ఎత్తవద్దని మా తమ్ముడు ఎన్నోసార్లు రాశాడు, ఎత్తలేదు. తర్వాత “అక్కా, నేను తమ్ముణ్ణి, ఇది వేరే నంబరు” అని మెసేజి వచ్చింది. ఈ మోసం గురించి అతను ఏకంగా రెండు వారాలు రాశాడు. వెంటనే ఆ నంబరు నాకు తగలకుండా ఆపేశాను. ఇప్పుడు ఉత్తరాల్లోకి దిగారన్నమాట.

మీ ఉత్తరం గురించి మా తమ్ముడికి చెప్పాను. “అది మోసగాళ్ళ పని అక్కయ్య గారూ, ఉత్తరాలు నమ్మకండి, ఆ ఆరంకెలు త్వరగా పంపండి” అన్నాడు.

చేతిరాత అతనిదిలాగే అనిపించింది. అయినా చేతిరాతను ఎవరైనా దింపవచ్చు. మీరు దొరికిపోయింది ఒక్కచోట. మీ ఉత్తరం చివర “తప్పు నాదే, నన్ను క్షమించు” అని ఉంది. మా తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ ఈ రెండు ముక్కలూ అనగా నేను వినలేదు. అతని గురించి అన్నీ తెలుసుకున్నారు గానీ, అసలు సంగతి తెలుసుకోలేకపోయారు.

కానీ ఒక అనుమానం ఉండిపోయింది. మీరు రాసిన దాంట్లో ఆ బహుమతి సంగతి ఉంది చూశారూ, అది మాత్రం అచ్చం మావాడే.

అందుకని మీ ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను. మా ఇంట్లో రేడియో ఎలా పాడైంది? జవాబు తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. అందులో ఒకరు ఎప్పుడూ చెప్పలేదు. ఫోనులో ఉన్నవారిని ఈ రోజే అడిగాను. మీ జవాబు వచ్చేదాకా ఆ నంబరు ఎవరికీ పంపను.

దర్జీ దుకాణం యజమానురాలు


జూన్ 17, సోమవారం

అక్కా,

నన్ను మీరు అన్నావు. దొంగని నువ్వు అంటున్నావు. ఎదురుగా ఉంటే నా మొహం చూసి జాలిపడేదానివి.

రేడియో విప్పింది నేను.

నాన్న దాన్ని కొని అప్పటికి నాలుగు నెలలు. వార్తల మధ్యలో గరగరమంటోందని విసుక్కునేవాడు. ఆ గరగర ఎక్కడుందో కనిపెట్టి బాగుచేసి, ఆయన చేత శభాష్ అనిపించుకుందామనుకున్నాను. అమ్మ మేడమీద బట్టలు ఆరేస్తోంది. నీ తల పిన్ను తీసుకుని వెనక అట్ట విప్పాను, తర్వాత ఒక్కొక్కటే అన్నీ విప్పాను. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. ఇప్పటికీ నా విద్య అంతవరకే. పిన్ను అక్కడే పడి ఉండటం వల్ల నాన్న నిన్నడిగాడు. నువ్వు నా వైపు చూశావు. నేను గోడ వైపు చూశాను.

ఆ వారమే బడివాళ్ళు సముద్రం చూపించడానికి తీసుకెళ్ళారు. శిక్షగా నిన్ను పంపలేదు. నేను వెళ్ళాను. వచ్చి నీకు రెండు గవ్వలిచ్చాను. ఒకటి విరిగి ఉంది. నువ్వు “బాగున్నాయిరా” అన్నావు. సముద్రం ఎలా ఉందని ఏమీ తెలియనట్టే అడిగావు. ఈ ఒక్క ముక్కా తలుచుకున్నప్పుడల్లా ఏదో ఒక పనిలో పడేవాణ్ణి. నలభై ఐదేళ్ళుగా నాకు పని ఎక్కువే.

ఇది కూడా నమ్మకపోతే, ఆ దొంగనే తమ్ముడిగా ఉంచుకో. నాకంటే మర్యాదస్తుడు.

తమ్ముడు (అసలు)


జూన్ 20, గురువారం

ఒరేయ్,

నువ్వే.

అతను ఏమన్నాడో తెలుసా? “పాతబడి పాడైపోయి ఉంటుందండీ. పాత సంగతులు ఎందుకు, నంబరు వచ్చిందా?” అన్నాడు. అప్పుడే సగం తెలిసిపోయింది. మిగతా సగం నీ ఉత్తరంలో గోడ దగ్గర తెలిసింది.

అతనికి ఇంకేమీ చెప్పలేదు. తిట్టాలనిపించింది. ఏం తిట్టినా నీ పేరు, నీ బొమ్మ కనబడుతూ ఉంటే తిట్టు సరిగ్గా రాలేదు. ఊరుకుని కాజాలావిడ చేత ఆ పేరుని కూడా ఆపించాను. ఆమె నన్ను ఏమీ అనకుండా ఆ పని చేసిపెట్టింది. దానికే ఎక్కువ సిగ్గేసింది.

మొదటి ఉత్తరంలోనే ఉన్నమాట రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా. తెరమీద గీతట, పరీక్షట. అక్క దగ్గర పరువు పోతుందని కదూ? నా దగ్గర నీకు పరువు ఎప్పుడుందిరా?

ఒక్కటే బాధగా ఉంది. ఈ రోజుల్లో అతనితో చాలా మాట్లాడాను. నీకనుకుని చెప్పిన మాటలు అవి. అవన్నీ ఎవరో విన్నారు, నువ్వు మాత్రం వినలేదు. ఏం చెప్పానని అడగకు.

అక్క


జూన్ 25, మంగళవారం

అక్కా,

ఖాతా తిరిగి వచ్చింది. దానికోసం ఫోను కంపెనీలో పడిన పాట్లు ఒక పుస్తకం.

మొదట నా సంతకం కలవలేదు. మూడుసార్లు పెట్టించారు, మూడూ మూడు రకాలుగా వచ్చాయి. “మీకు మీ సంతకం రాదా సార్?” అంది కౌంటరు ఆవిడ. తర్వాత రహస్య ప్రశ్న అడిగింది. పదేళ్ళ క్రితం నంబరు తీసుకున్నప్పుడు నేనే ఎంచుకున్న ప్రశ్న. “మీకు బాగా నచ్చిన రచయిత ఎవరు?” వెనక పదిమంది వరసలో ఉన్నారు. నేను మెల్లగా చెప్పాను. “వినబడలేదు, గట్టిగా చెప్పండి” అంది. గట్టిగా నా పేరే చెప్పాను. ఆవిడ కంప్యూటర్ వైపు చూసి, నా వైపు చూసి, “సరిపోయింది సార్” అంది. వెనక ఎవరో దగ్గారు.

వెంటనే అన్ని పాస్‌వర్డులూ మార్చాను. ఒక్కోదానికి ఒక్కోటి, నాకే గుర్తుండనంత పొడుగువి. వాటిని గుర్తుంచుకోవడానికి పాస్‌వర్డుల పెట్టె లాంటి సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. దాన్ని మూడేళ్ళుగా పాఠకులందరికీ సిఫారసు చేస్తున్నాను. మొన్నే మొదటిసారి తెరిచి చూశాను. నేను రాసినదాని కంటే బాగుంది. రెండో తాళం కూడా పెట్టాను. ఇకమీద పాస్‌వర్డు ఎవరికైనా దొరికినా నా ఫోను ఒప్పుకుంటే గాని లోపలికి రాలేరు.

ఇక అసలు సంగతి. అతను ఏదీ చెరపలేదు. నువ్వూ అతనూ మాట్లాడుకున్నవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ‘అక్క’ అన్నచోట రెండువందల పన్నెండు ఉన్నాయి. సగం నీ గొంతులో.

వేరేవాళ్ళకు రాసినవి మనం చదవకూడదని నేనే రాస్తాను. ఇవి నాకు రాసినవే, నా పేరుకే వచ్చాయి. అయినా ఏం చెప్పానని అడగకు అన్నావు. ఇలాంటి చోట ఏం చెయ్యాలో నా శీర్షికలో ఎక్కడా లేదు. ఆదివారమంతా ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, దాని చుట్టూ తిరిగాను.

దాచకుండా చెబుతాను. సాయంత్రం ఒక్కటి నొక్కాను. నీ గొంతు “ఒరేయ్, కంటి సంగతి ఎవరికీ చెప్పలేదు” అంది. అక్కడితో ఆపేశాను.

అక్కా, కంటి సంగతేమిటి? వినమంటే వింటాను. వద్దంటే అన్నీ చెరిపేస్తాను. కానీ నువ్వే చెబితే బాగుంటుంది.

తమ్ముడు


జూన్ 28, శుక్రవారం

తమ్ముడికి,

వినకు. నేనే చెబుతాను.

కుడికన్ను ఆరేడు నెలలుగా మసకగా ఉంది. ఎడమది ఎప్పుడూ అంతంతమాత్రమే. వెలుతురు తక్కువయిందనుకుని దుకాణంలో లైటు మార్పించాను. తర్వాత సుద్ద మంచిది కాదని సుద్ద మార్చాను. మార్చిలో ఆసుపత్రి వాళ్ళ చొక్కాలు పదకొండింటిని సుద్ద గీతకి లోపలగా కత్తిరించాను. కాజాలావిడ చూసి “ఇవి ఎవరికి కుడుతున్నాం, పిల్లలకా?” అంది. ఆమె మీద అరిచాను. సూదిలో దారం ఇప్పుడు వేలితో తడిమి ఎక్కిస్తున్నాను. ముప్ఫై రెండేళ్ళుగా నా పని నా కళ్ళతోనే కదా. కన్ను పోయిందని తెలిస్తే ఎవరు గుడ్డ ఇస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. నా అక్షరాలు పెద్దవైంది కోపం వల్ల కాదురా, కనబడక.

ఇప్పుడు నవ్వుకో. ఆ నంబరు ఎందుకు తప్పయ్యేదో అతనికీ తెలియలేదు, నీకూ తెలియలేదు. ఫోనులో మాటలైతే రెండు అక్షరాలు కనబడితే మిగతాది ఊహించుకుని చదివేస్తాను. అంకెల్ని ఊహించుకోలేం కదా. మూడు ఎనిమిదిలా కనబడుతుంది, ఆరు సున్నాలా కనబడుతుంది. పోల్చుకునేలోగా దాని గడువు అయిపోతుంది. ఆరుసార్లు పంపాను, ఆరూ తప్పే. పక్కవాళ్ళ చేత చదివించండి అన్నాడు. ఆ నంబరు పక్కవాళ్ళకు చూపించకూడదని మా తమ్ముడు రాశాడే, అంటే నువ్వే రాశావు కదరా, అన్నాను.

పన్నెండో తారీఖున విసుగొచ్చి, “అసలు మీకేమైంది అక్కయ్య గారూ?” అని అడిగాడు. అడిగేసరికి చెప్పేశాను. కన్ను సంగతి, చొక్కాల సంగతి, దుకాణం మూసేస్తే ఏం చెయ్యాలన్న భయం, అన్నీ. పావుగంట మాట్లాడాను. కొంచెం సేపటికి జవాబు వచ్చింది. “ఇది అశ్రద్ధ చెయ్యకూడదండీ. రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళి వచ్చి చెప్పండి.”

వెళ్ళాను. శుక్లం బాగా ముదిరిందట. కంట్లో ఒత్తిడి పెరగడం మొదలైందట. జూలై పదిన ఆపరేషను. తోడు ఒకరు ఉండాలన్నారు. కాజాలావిడ వస్తానంది.

నీకు రాకూడదనేమీ లేదు.

అక్క


జూలై 2, మంగళవారం

అక్కా,

ఎనిమిదో తారీఖు పొద్దుటి బస్సుకు వస్తున్నాను. సెలవు అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. సంపాదకుడు ఎందుకని అడిగితే మా అక్కకి కన్ను అన్నాను.

ఆ రెండువందల పన్నెండూ చెరిపేశాను. చెరిపేముందు అతని వైపువి మాత్రం చూశాను. అవి నావి కావు, అయినా చూశాను. నువ్వు రాసింది నిజమే. తిన్నారా, నిద్రపట్టిందా, మోకాలికి కాపడం పెట్టారా. ప్రతి దాని తర్వాతా నంబరు. అతను మాటలు ఎక్కడో చూసి దింపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అక్కను ఏమడగాలో నాకు తెలియలేదు, అరువు మాటలు దింపేవాడికి తెలిసింది. అతని మీద రావలసిన కోపం రాలేదు. అసూయ వచ్చింది.

ఈ రోజు తిన్నావా?

తమ్ముడు


జూలై 16, మంగళవారం

అక్కా,

క్షేమంగా చేరాను. చుక్కలమందు వేళలు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి నీ అద్దానికి అంటించి వచ్చాను. చీటీ అంటించినవాణ్ణి వెక్కిరించిన చేతులతోనే అంటించాను. నీ ఫోనులో అక్షరాలు కూడా పెద్దవి చేశాను, మీరు ఆపేసిన నా పేరు మళ్ళీ తెరిచాను, నీ ఖాతాకు రెండో తాళం పెట్టాను. తాళం సంగతి కాజాలావిడకు తెలుసు. ఆవిడ నాకంటే త్వరగా నేర్చుకుంది, “ఇంత తేలికా, దీనికా వారం వారం వ్యాసం” అని కూడా అంది.

నీ దగ్గరికి బయల్దేరే ముందే మోసపోయిన విధమంతా శీర్షికలో రాసేశాను. బహుమతి, పాస్‌వర్డు, నచ్చిన రచయిత, ఏదీ వదల్లేదు. సంపాదకుడు చదివి, “ఇన్నేళ్ళలో నువ్వు రాసినవాటిలో పూర్తిగా చదివింది ఇదొక్కటే” అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి అరవై మూడు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. అందరూ ఎవరికీ చెప్పుకోలేని మోసాలు రాశారు. ఇదివరకు బాగా ఆడిన వారం నాలుగు వచ్చేవి. అందులో రెండు నేనే రాసుకున్నవి.

నిన్ను అడగాలనుకుని అక్కడ అడగలేకపోయిన మాట ఒకటి ఉంది.

పదకొండో తారీఖు పొద్దున నీ కంటికి కట్టు విప్పారు కదా. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగింది, నువ్వు చెప్పావు. ఆవిడ తన కోటు బొత్తాలు పై నుంచి కిందికి లెక్కపెట్టమంటే లెక్కపెట్టడమే కాక, మూడోది వేరే దారంతో కుట్టారని కూడా చెప్పావు. ఆవిడ నవ్వి, “ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే లోపలి నరం దెబ్బతినేది. అప్పుడు మేం ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళం. మిమ్మల్ని సమయానికి పంపింది ఎవరండీ?” అని అడిగింది.

నువ్వు నా వైపు వేలు చూపించి, “మా తమ్ముడు” అన్నావు.

డాక్టరమ్మ నన్ను మెచ్చుకోలుగా చూసింది. నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నువ్వు నా చెయ్యి గట్టిగా నొక్కావు. రాని బహుమతి కోసం ఖాతా పోగొట్టుకున్న వాణ్ణి. ఇప్పుడు నాది కాని మెప్పు ఒకటి జేబులో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా అది గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకలా అన్నావు?

తమ్ముడు


జూలై 20, శనివారం

తమ్ముడికి,

ఈ ఉత్తరం మామూలు అక్షరాలతో రాస్తున్నాను, చూసుకో. వరసలు తిన్నగా ఉన్నాయా?

పొద్దున ఎనిమిదింటికి నీ మెసేజీ చూశాను. తిన్నాను. మోకాలు కూడా బాగానే ఉంది. మళ్ళీ ‘మీరు’లోకి దిగకు, నాకు భయమేస్తుంది.

డాక్టరమ్మకు నేను అబద్ధం చెప్పలేదురా. కాజాలావిడ మార్చి నుంచీ చెబుతూనే ఉంది, కన్ను చూపించుకో అని. పక్క దుకాణం ఆయన చెప్పాడు. చొక్కాలు తిరగ్గొట్టినప్పుడు ఆసుపత్రి నర్సు కూడా చెప్పింది. ఒక్కరి మాటా వినలేదు. ఆ రోజు ఫోనులో నీ పేరు చూశాను, నీ బొమ్మ చూశాను. మావాడు అడిగాడు, మావాడు వెళ్ళమన్నాడు అనుకుని పొద్దున్నే లేచి వెళ్ళాను.

ఊరూ పేరూ లేనివాడు చెబితే నేను వెళ్తానా?

అక్క